ఎండాకాలం పిలకాయలకు ఇంట్లోనే పుల్ల ఐసు: రాయిలా గట్టిపడకుండా ఎలా చేయాలి?

మార్చి సగం దాటిందంటే చాలు, ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. "మామిడిపండు జ్యూసు పోసి ఫ్రీజర్లో పెడితే పిల్లోడు కొరకలేకపోయాడండీ", "పుల్ల ఒక్కటే చేతికొచ్చింది, ఐసు అచ్చులోనే ఉండిపోయింది", "బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయి". ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకేచోట రాసిపెడుతున్నాను. కత్తెర ఎండల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే ఇక్కడి కొలతలు, గంటలు మన ఎండకూ, చాలా ఇళ్లలో ఉండే సింగిల్ డోర్ ఫ్రిజ్‌కూ సరిపోయేట్టు ఇచ్చాను.

చాలా తప్పులకు మూలం ఒక్కటే: నీళ్లు. గుజ్జులో నీళ్లు ఎంత ఎక్కువుంటే ఐసు అంత గట్టిగా, గరగరలాడుతూ వస్తుంది. గుజ్జు, తీపి, పాలలోని వెన్న, గంజి, ఇవి ఉంటే మెత్తగా కొరకడానికి వీలుగా ఉంటుంది. ఇంతకు మించి సైన్సు మనకు అక్కర్లేదు. ఏ పండుతో చేసినా "నీళ్లు పోయకుండా పలచన ఎలా చేయాలి, పలచనగా ఉన్నదాన్ని ఎలా చిక్కబరచాలి" అని ఆలోచిస్తే చాలు.

కావలసినవి

ఆరు ఐసులకు, ఒక్కోటి సుమారు 70 మిల్లీలీటర్లు వచ్చేట్టు కొలతలు ఇస్తున్నాను. కప్పు అంటే 200 మిల్లీలీటర్లు.

- బాగా పండిన మామిడిపళ్లు 2, కాస్త పెద్దవి. గుజ్జు కప్పున్నర రావాలి.
- చిక్కటి పెరుగు అర కప్పు. పుల్లగా ఉండకూడదు.
- బెల్లం తురుము 2 నుంచి 3 టేబుల్ స్పూన్లు. పండు తీపిని బట్టి తగ్గించుకోండి.
- చిటికెడు ఉప్పు, ఇష్టమైతే ఏలకుల పొడి.
- ఐసు అచ్చులు, చెక్క పుల్లలు. తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ప్లాస్టిక్ సామాన్ల అంగళ్లలో అడిగి చూడండి.

అచ్చులు కొనాల్సిన పనే లేదంటాను నేను. ఇంట్లో ఉండే చిన్న స్టీలు గ్లాసులు అన్నిటికంటే మేలు. స్టీలుకు చలి తొందరగా పడుతుంది, తొందరగా గడ్డకడుతుంది, కడగడమూ సులువు. మూడు నాలుగేళ్ల పిల్లలకైతే ఇడ్లీ ప్లేటు వాడండి. ఒక్కో గుంటలో ఒక పుల్ల పెడితే చిన్న చేతికి సరిపోయే ఐసు వస్తుంది, సగం తిని పారేసే బాధ ఉండదు. చీపురు పుల్లలు, మొన తేలిన వెదురు పుల్లలు మాత్రం వద్దు. పిల్లలు నోట్లో పెట్టుకుని పరిగెత్తుతారని మీకు నేను చెప్పాలా.

ఏ మామిడి?

చిత్తూరోళ్లకు మామిడి గురించి చెప్పడం సాహసమే. అయినా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. రుచికి బేనీషా, అదే బంగినపల్లి. పీచు ఉండదు, వాసన బాగుంటుంది, బెల్లం పెద్దగా పట్టదు. తోతాపురి గుజ్జు చిక్కగా వస్తుంది, ధర తక్కువ, జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీలకు ఎక్కువగా పోయేది అదే. దాని వాసన మాత్రం కాస్త తక్కువ. రెండూ సగం సగం కలిపితే ఖర్చూ కలిసొస్తుంది, చిక్కదనమూ వస్తుంది. నాటు మామిడి, రసాలు వాడితే జల్లెడలో వడకట్టక తప్పదు. లేకపోతే పీచు పళ్లలో ఇరుక్కుని పిల్లలు రెండోసారి అడగరు.

దామలచెరువు, బంగారుపాళ్యం వైపు నుంచి తోట కాయలు తెప్పించుకునే వీలుంటే ఇంట్లో గడ్డిలో మాగబెట్టుకోండి. కార్బైడ్‌తో మాగేయడం నిషేధమైనా వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. పైన ఒకేరకంగా పసుపు తిరిగి, కోస్తే లోపల తెల్లగా పుల్లగా ఉన్న పండు అనుమానించాల్సిందే. ఏ పండయినా అరగంట నీళ్లలో నానబెట్టి, రుద్ది కడిగాకే కోయండి.

చేసే పద్ధతి

1. ముందురోజు రాత్రే ఫ్రీజర్ సర్దండి. ఫ్రిజ్ లోపలి నాబ్‌ను బాగా చల్లగా ఉండేవైపు తిప్పండి. ఫ్రీజర్ గోడలకు మందంగా మంచు పేరుకుని ఉంటే ముందు అది కరిగించి తుడవండి. ఆ మంచు ఉన్నంతకాలం చలి అచ్చులకు సరిగా అందదు. పచ్చి చేపలు, చికెన్ ఉంటే మూత గట్టిగా ఉండే డబ్బాలో వేరేగా పెట్టండి. వాసన ఒక్కటే కాదు, వాటి నీళ్లు కారితే పిల్లల కడుపు చెడుతుంది.

2. బెల్లం తురుములో రెండు స్పూన్ల నీళ్లు పోసి సన్న సెగ మీద కరిగించండి. తప్పకుండా వడకట్టండి, అడుగున ఇసుక, చెరకు పిప్పి ఉంటాయి. పూర్తిగా చల్లారనివ్వండి.

3. మామిడి గుజ్జు తీసి మిక్సీలో నీళ్లు వేయకుండా తిప్పండి. తిరగకపోతే నీళ్లకు బదులు రెండు స్పూన్ల పెరుగు వేయండి.

4. గుజ్జులో పెరుగు, చల్లారిన బెల్లం పాకం, ఉప్పు కలపండి. ఈసారి మిక్సీలో ఎక్కువసేపు తిప్పొద్దు, నురుగు వస్తుంది. గరిటెతో కలిపితే చాలు.

5. రుచి చూడండి. ఇది దాటేయకండి. చల్లటి వస్తువు తిన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. కాబట్టి ఇప్పుడు తాగడానికి "ఒక పిసరు తీపి ఎక్కువైందే" అనిపించాలి. సరిగ్గా ఉందనిపిస్తే గడ్డకట్టాక చప్పగా ఉంటుంది.

6. చిక్కదనం చూడండి. స్పూను ముంచి తీసి, వెనకవైపు వేలితో గీత గీయండి. గీత అట్లాగే నిలబడితే సరిపోయింది. గీత మీదికి జారిపోతే పలచన అయింది. అప్పుడు అర అరటిపండు వేసి మళ్లీ కలపండి.

7. అచ్చుల్లో పోసి, పైన ఒక వేలి వెడల్పు ఖాళీ వదలండి. గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. నిండా పోస్తే పైకి పొంగి పుల్ల వంకర పోతుంది. అచ్చును గట్టు మీద రెండుసార్లు మెల్లగా తట్టండి, లోపలి గాలి బుడగలు పోతాయి.

8. గ్లాసుల్లో చేస్తుంటే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి, మధ్యలో చిన్న గాటు పెట్టి పుల్ల దించండి, నిటారుగా నిలబడుతుంది. ఫాయిల్ లేకపోతే గంట, గంటన్నర ఆగి, సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చండి. పుల్లలో మూడింట రెండొంతులు లోపలుండాలి.

9. ఫ్రీజర్ అడుగు రేకు మీద ఆనేట్టు పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో 6 నుంచి 8 గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీయడం ఉత్తమం. మధ్యలో "అయిందా లేదా" అని పిల్లలు గంటకోసారి తలుపు తీస్తే అది సాయంత్రానికీ అవదు.

10. తీసేటప్పుడు అచ్చును మామూలు నీళ్లలో 10 నుంచి 20 సెకన్లు ముంచి, పుల్లను లాగకుండా కొంచెం తిప్పుతూ తీయండి. మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు వేణ్నీళ్లే, అవి వద్దు. కుండలో నీళ్లో, క్యాను నీళ్లో వాడండి.

అయిందా లేదా అన్నది పైపైన చూసి చెప్పలేం. అంచులు ముందు గడ్డకడతాయి, మధ్యభాగం చివర్లో. పుల్ల కొన పట్టుకుని కదిపి చూడండి. ఏమాత్రం కదిలినా ఇంకో రెండు గంటలు పెట్టాలి.

రాగి పాలైసు

మామిడి దొరకని రోజుల్లో నేను ముందు చెప్పేది ఇదే. సంకటి, అంబలి అంటే మొహం తిప్పుకునే పిలకాయలు కూడా దీన్ని వదలరు. రాగి పిండిలో గంజి ఉంటుంది కాబట్టి, బజారు ఐసుల్లో ఏవేవో వేసి తెచ్చే మెత్తదనం దానంతటదే వస్తుంది.

రెండు టేబుల్ స్పూన్ల రాగి పిండిని అర కప్పు చల్లటి పాలలో ఉండలు లేకుండా కలపండి. కప్పున్నర పాలు కాగనిచ్చి, సెగ తగ్గించి, ఈ పిండి పాలు పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. ఐదారు నిమిషాలకు జావ చిక్కబడి, పచ్చి వాసన పోతుంది. పచ్చి వాసన పోకుండా దించితే ఐసులో కూడా ఆ పిండి రుచి తెలుస్తుంది. దించి, గోరువెచ్చగా కూడా లేకుండా చల్లారనివ్వండి. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే పొయ్యి మీద ఉన్నప్పుడు దోసె పిండి కంటే పలచనగా ఉండగానే దించాలి.

ఇప్పుడు 4 టేబుల్ స్పూన్ల బెల్లంతో చేసి, వడకట్టి, చల్లార్చిన పాకం కలపండి. పాలు విరిగిపోయాయని అడిగేవాళ్లంతా ఇక్కడే తొందరపడుతున్నారు. వేడి పాలలో బెల్లం పడితే విరిగే అవకాశం ఎక్కువ. రెండూ చల్లారాక కలిపితే ఆ ఇబ్బంది రాదు. పాలు పడని పిల్లలకు ఆవుపాలకు బదులు టెంకాయ పాలు వాడండి, రుచి ఇంకా బాగుంటుంది.

ఐసు బండి మీద వచ్చే సేమియా ఐసే కావాలని మారాం చేసేవాళ్లకు ఒక ఉపాయం. ఉడికించి వార్చిన సేమియా ఒక్కో అచ్చు అడుగున స్పూను చొప్పున వేసి, పైన ఈ రాగి పాలు పోయండి. తీసినప్పుడు కొసన సేమియా కనిపిస్తుంది, పేచీ తీరిపోతుంది.

మిగతా పండ్ల సంగతి

పుచ్చకాయతో పుల్ల ఐసు మెత్తగా రావడం కష్టం. ఆ కాయలో 90 శాతం పైగా నీళ్లే. దాంతో కుస్తీ పట్టకండి. గింజలు తీసి, మిక్సీలో తిప్పి, వెడల్పాటి స్టీలు ప్లేటులో పోసి ఫ్రీజర్లో పెట్టండి. ముప్పావు గంటకోసారి ఫోర్కుతో గీకుతూ ఉంటే మూడు నాలుగు గంటల్లో పొడి పొడిగా గీకుడు ఐసు తయారవుతుంది, గ్లాసులో వేసి స్పూనుతో ఇవ్వండి. నన్నారి (సుగంధి వేరు పాకం), నిమ్మరసం కలిపిన నీళ్లు కూడా ఇట్లాగే చేయాలి. సీసాలో అమ్మే నన్నారి పాకంలో చక్కెర దండిగా ఉంటుంది కాబట్టి మళ్లీ తీపి వేయొద్దు. సబ్జా వేస్తే అరగంట నానబెట్టి, పూర్తిగా ఉబ్బాకే వేయాలి.

కర్బూజ, సపోటా పాలతో బాగా కలుస్తాయి. ముంజలు మిక్సీలో వేయకుండా చిన్న ముక్కలు చేసి లేత టెంకాయ గుజ్జు, నీళ్లతో కలిపి పోస్తే తినేటప్పుడు మధ్యలో ముక్కలు తగులుతాయి. ముంజల పైతొక్క పూర్తిగా తీయండి, వగరు అదే.

బొప్పాయి, అనాస పచ్చిగా పాలల్లో, పెరుగులో కలపొద్దు. కాసేపటికి చేదెక్కుతాయి. అనాసనైతే ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడితే చేదు రాదు. బొప్పాయిని నిమ్మరసంతో విడిగా చేసుకోండి.

అరటిపండు గురించి ఎవరూ అడగరు, కానీ అన్నిటికంటే సులువు అదే. తొక్క మీద నల్ల మచ్చలు పడ్డ ఎలక్కి పళ్లను చక్రాల్లా కోసి, ప్లేటులో ఒకదానికొకటి అంటకుండా పరిచి, నాలుగు గంటలకు పైగా గడ్డకట్టించండి. బయట ఐదు నిమిషాలు ఉంచి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ముందు పొడిపొడిగా కనిపిస్తుంది, భయపడకండి. గోడలకు అంటింది స్పూనుతో తోసి మళ్లీ తిప్పితే ఒక్కసారిగా ఐస్‌క్రీమ్ అయిపోతుంది. చక్కెర, బెల్లం ఏమీ వద్దు. మిక్సీ ఏకబిగిన తిప్పితే మోటారు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. కష్టపడుతుంటే రెండు స్పూన్ల పాలు పోయండి.

ఎక్కడ చెడుతుంది, ఏం చేయాలి

- గట్టిగా, గాజు ముక్కలు తిన్నట్టు ఉంది: నీళ్లు ఎక్కువ, తీపి తక్కువ. ఇప్పటికే చేసిందైతే తినేముందు ఐదు నిమిషాలు బయటపెట్టండి. మరుసటిసారి అరటిపండు కలపండి.
- ఎన్ని గంటలైనా గడ్డకట్టలేదు: తీపి మరీ ఎక్కువైంది, లేదా ఫ్రీజర్ చలి చాలడం లేదు. పక్కన ఒక గిన్నెలో ఉత్త నీళ్లు పెట్టి చూడండి. నీళ్లు గడ్డకట్టి ఐసు కాకపోతే తప్పు తీపిది. రెండూ కాకపోతే ఫ్రిజ్‌ది.
- పుల్ల ఊడి వచ్చింది: పూర్తిగా గడ్డకట్టకముందే లాగారు, లేదా నున్నటి ప్లాస్టిక్ పుల్ల వాడారు. చెక్క పుల్ల పట్టు వదలదు.
- కింద రంగు, పైన తెల్ల మంచు: గుజ్జు అడుగుకు దిగింది. పలచగా ఉన్నప్పుడే ఇట్లా అవుతుంది. గంట తర్వాత ఒకసారి కలిపి పెట్టండి.
- చేదు: బత్తాయి, కర్బూజ, పుచ్చకాయ గింజలు మిక్సీలో నలిగాయి. లేదా నిమ్మతొక్క కింది తెల్ల పొర పడింది. దీన్ని బాగు చేయలేం.

పిల్లలకు ఇచ్చేముందు

గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు, ఊరికే పడుకుంటాయి. కరగగానే లేస్తాయి. నన్నారికైనా, నిమ్మకైనా కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. పాలు కూడా పచ్చివి వద్దు, కాచినవే.

ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ వద్దు. రెండేళ్ల లోపు వాళ్లకు బెల్లం, చక్కెర కూడా వేయకుండా పండు ఒక్కటే గడ్డకట్టించి, మెత్తగా చేసి స్పూనుతో పెట్టండి. ఐదేళ్ల లోపు పిల్లలకు చెనక్కాయలు, జీడిపప్పు, బాదం పలుకులు వేసిన ఐసు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి కలపొచ్చు. స్టీలు అచ్చు ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే నాలుకకు, పెదవికి తగిలితే అంటుకుంటుంది, కాబట్టి అచ్చుతో పాటు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

బెల్లం వేశాం కదా, ఎన్నయినా తినొచ్చు అనుకోవద్దు. పళ్లకు, ఒంటికి బెల్లమూ చక్కెరే. ఈ కొలతలతో ఒక్కో మామిడి ఐసుకు బెల్లం అర టేబుల్ స్పూనుకు మించి పడదు, రోజుకు ఒకటి చాలు. ఎండలో ఆడి వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లో మజ్జిగో ఇచ్చి, తర్వాత ఐసు ఇవ్వండి. విరేచనాలు, వాంతులు ఉన్నప్పుడు ఓఆర్ఎస్ ఇవ్వాలి, ఐసు దానికి బదులు కాదు. ఇక జలుబు భయం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఐసు వల్ల కాదు. కానీ అప్పటికే గొంతు నొప్పో, ఆయాసమో ఉన్న పిల్లలైతే డాక్టరును అడిగి ఇవ్వండి.

గడ్డకట్టినవాటిని అచ్చుల్లోంచి తీసి, బటర్ పేపర్లో చుట్టి, మూత డబ్బాలో పెడితే రెండు వారాలు బాగుంటాయి. తర్వాత పైన మంచు పట్టి రుచి తగ్గుతుంది.

కరెంటు పోతే

ఒక గ్లాసు నీళ్లు ఫ్రీజర్లో గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి అక్కడే ఉంచేయండి. ఊరెళ్లి వచ్చినప్పుడు బిళ్ల పైనే ఉంటే అంతా క్షేమం. గ్లాసు మధ్యకో, అడుక్కో దిగి ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. పాలు, పెరుగు కలిపిన ఐసులు అప్పుడు పారేయాల్సిందే. ఎంత చక్కగా కనిపించినా మొహమాటపడొద్దు.

ఫ్రీజర్ లేనివాళ్లకు

వెడల్పాటి గిన్నెలో నలగగొట్టిన ఐసు మూడు వంతులు, రాళ్ల ఉప్పు ఒక వంతు కలపండి. ఉప్పు తగిలాక ఐసు ఇంకా చల్లబడుతుంది, సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి పోతుంది. ముందే చల్లార్చిన రాగి పాలో, మామిడి గుజ్జో సగానికి నింపిన స్టీలు డబ్బాను గట్టిగా మూత పెట్టి అందులో దించి, పైన కూడా ఐసు కప్పండి. డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ, ఐదు నిమిషాలకోసారి మూత తీసి అంచుల్లో గట్టిపడింది గీకి కలపండి. అరగంటకు స్పూనుతో తినే మెత్తటి ఐసు వస్తుంది. డబ్బా మూత తీసేముందు పైన గుడ్డతో తుడవండి, లేదంటే ఉప్పునీళ్లు లోపల పడతాయి. తిప్పే పని పిల్లలకు అప్పజెప్పొచ్చు కానీ చేతికి మందపాటి టవలు చుట్టండి, ఉప్పు కలిసిన ఐసు ఒట్టి చేతికి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. అయ్యాక ఆ ఉప్పునీళ్లు తులసి కోటలోనో, కరివేపాకు చెట్టుకో పోయకుండా బాత్‌రూమ్ తూములో పారబోయండి.